నిరీక్షణ అంటే ఎదురుచూపేనా?

తెలుగు బైబిలు వింటూ పెరిగిన వాళ్ళకీ, దాన్ని ఎప్పుడూ తెరవని వాళ్ళకీ మధ్య ఒక మాట దగ్గర అర్థం తప్పిపోతుంది. ఆ మాట 'నిరీక్షణ'. మామూలు తెలుగులో నిరీక్షణ అంటే ఎదురుచూడటం. బస్సు కోసం, ఉద్యోగం కాగితం కోసం, రాత్రి పదకొండైనా ఇంటికి రాని మొగుడి కోసం చేసేది. బైబిలు తెలుగులో మాత్రం నిరీక్షణ అంటే ఆశ. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదమూడో అధ్యాయం చివర విశ్వాసం, ప్రేమల మధ్య నిలబడే మాట ఇదే. పెళ్ళి పత్రికల మీద, సమాధుల మీద, ఆడపిల్లల పేర్లలోనూ కనిపిస్తుంది. ఆశ అనే తేలికైన మాట చేతిలో ఉండగా మన అనువాదకులు ఎదురుచూపుని ఎందుకు ఎంచుకున్నారన్నది నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న.

దీన్ని పండితుల చర్చగా వదిలేయొచ్చు. కానీ స్త్రీల విషయానికి వచ్చేసరికి వదలడం కష్టం. మన సాహిత్యంలో ఎదురుచూడటం ఆడదాని పని. అలంకారశాస్త్రం అష్టవిధ నాయికలను లెక్కపెట్టినప్పుడు ఎదురుచూసే ఆమెకు విరహోత్కంఠిత అనీ, వాసకసజ్జిక అనీ రెండు పేర్లు పెట్టింది. ఎదురుచూడటానికి నాయకుడికి ఇన్ని పేర్లు పెట్టలేదు. అశోకవనంలో సీత, రాయిగా అహల్య, పద్నాలుగేళ్ళ నిద్రలో ఊర్మిళ. స్త్రీవాద సాహిత్యం తెలుగులో చేసిన ముఖ్యమైన పనుల్లో ఈ ఎదురుచూపుని నిరాకరించడం ఒకటి. మరి తన విశ్వాసానికి మూలమైన మూడు మాటల్లో ఒకటి ఎదురుచూపు అయిన స్త్రీని మనం ఎలా చదవాలి? ఆమె ఆశని లొంగుబాటుగా కొట్టిపారేయాలా? లేక అందులో మన విమర్శకి ఇంతవరకూ అందనిది ఏదైనా ఉందా?

ఈ ప్రశ్న నేను ఉండే చోటు నుంచి కూడా వచ్చింది. యారాడ డాల్ఫిన్స్ నోస్ కొండకి అవతల ఉంటుంది. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం. విశాఖ వాసులకి ఇది ఆదివారం బీచి. ఇక్కడివాళ్ళకి ఇది కొండెక్కి దిగితే గానీ పని దొరకని ఊరు. అవతల సింధియా, నౌకాశ్రయం, మల్కాపురం రిఫైనరీ, ఇంకా ముందుకెళ్తే గాజువాక, ఉక్కు ఫ్యాక్టరీ. ఈ ప్రాంతంలో ఎదురుచూపు ఒక మానసిక స్థితి కాదు, ఒక వ్యవస్థ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలూ ఇల్లు నడిపేది ఆడవాళ్ళు, అప్పు పుట్టించేదీ వాళ్ళే. ఉక్కు ఫ్యాక్టరీకి భూములిచ్చిన కుటుంబాల చేతిలో 'ఆర్ కార్డు' ఉంటుంది. ఆ కార్డు మీద ఉద్యోగం కోసం తండ్రి ఎదురుచూసి, కొడుకు ఎదురుచూసి, ఇప్పుడు మనవడి వంతు వచ్చిన ఇళ్ళున్నాయి. 2021 జనవరి 27న ఫ్యాక్టరీలో కేంద్రం వాటాని పూర్తిగా అమ్మేయాలని నిర్ణయం వచ్చాక, ఏ ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నారో ఆ ఉద్యోగమే ఉంటుందో లేదో తెలియని పరిస్థితి వచ్చింది. తీరంలో పడవ కోసం నిలబడ్డ ఆడవాళ్ళని దూరం నుంచి చూసి కవిత్వం రాసేవాళ్ళకి తెలియనిదేమంటే, వాళ్ళు ఊరికే నిలబడి లేరు. ఐసు మాట్లాడుకుంటున్నారు, ఇవాళ్టి ధర కనుక్కుంటున్నారు, ఎవరి బుట్ట ముందు నిండాలో తగువుపడుతున్నారు.

ఇక్కడ ఆదివారం ప్రార్థనకి వెళ్ళే స్త్రీలలో ఎక్కువమంది దళితులు, కొందరు మత్స్యకార కుటుంబాల వాళ్ళు. గంగమ్మకి మొక్కే ఇల్లూ, గుమ్మం మీద సిలువ ఉన్న ఇల్లూ ఒకే గోడ పంచుకుంటాయి. చాలామందికి రెండు పేర్లు. మందిరంలో ఒకటి, కుల ధ్రువపత్రంలో ఇంకొకటి. కారణం అందరికీ తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాని హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో మతం మారిన దళితులు బీసీ-సీ కింద ఒక్క శాతంలో ఉంటారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఈ వివక్ష తొలగించమని కేంద్రాన్ని కోరుతూ తీర్మానం చేసింది. అయితే ఈ చర్చ అంతా రిజర్వేషన్ల గురించే జరుగుతుంది. తన దేవుడి పేరు కాగితం మీద రాయలేని స్త్రీ లోపల ఏం జరుగుతుందో రాజ్యాంగ చర్చ చెప్పదు. అది సాహిత్యం చెప్పాల్సిన విషయం.

బొట్టు సంగతే చూడండి. స్త్రీవాదులు 1980లలో, 90లలో బొట్టునీ తాళినీ పితృస్వామ్య చిహ్నాలుగా ప్రశ్నించినప్పుడు అది పెద్ద ధిక్కారం. మధ్యతరగతి అగ్రకుల ఇళ్ళల్లో యుద్ధాలు జరిగాయి. అదే కాలంలో, అంతకు ముందు కూడా, బొట్టు లేని నుదురుతో వేలాది దళిత క్రైస్తవ స్త్రీలు తిరిగారు. వాళ్ళ నుదురుని ఎవరూ ధిక్కారంగా చదవలేదు. 'ఆ పేట ఆవిడ' అని చదివారు. అద్దె ఇల్లు వెతుక్కుంటున్న రోజున స్టిక్కరు పెట్టుకుని, ఇల్లు కుదిరాక తీసేసే స్త్రీలు గాజువాకలో నాకు తెలుసు. ఒకే ఖాళీ నుదురు ఒకరికి సిద్ధాంతం, ఇంకొకరికి చిరునామా అవుతోంది. ఈ తేడాని మన విమర్శ తగినంత పట్టించుకోలేదని నా అభిప్రాయం.

పురాణాల పునర్లిఖన విషయంలోనూ ఇదే జరిగింది. ఓల్గా 'విముక్త' 2010లో వచ్చింది, 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకుంది. అహల్య, శూర్పణఖ, రేణుక, ఊర్మిళలను సీతకు తోడుగా నిలబెట్టిన ఆ కథలు నాకు ఇష్టం. క్లాసులో పాఠం చెప్పిన ప్రతిసారీ ఆడపిల్లలు నిటారుగా కూర్చుంటారు. నా పేచీ ఆ పుస్తకంతో కాదు, దాని చుట్టూ మనం అలవాటు చేసుకున్న మాటలతో. 'మన పురాణ స్త్రీలు' అంటాం. ఎవరి పురాణాలు? నిద్రపుచ్చుతూ నాయనమ్మ హాగరు కథ చెప్పిన పిల్ల సంగతేంటి? ఆమె బాల్యంలో సీత లేదని కాదు, టీవీలో ఉంది, పాఠ్యపుస్తకంలో ఉంది. కానీ ఇంట్లో ఉన్నది రూతు, మార్త, బావి దగ్గర సమరయ స్త్రీ. సీతని తిరగరాస్తే దాన్ని సాహిత్యం అంటాం. రూతుని తిరగరాస్తే మతం అంటాం. మెజారిటీ మతం సంస్కృతిగా చెలామణీ అవుతూ, మైనారిటీ మతం మాత్రం మతంగానే మిగిలిపోవడం అంటే ఇదే.

ఈ గోడని తెలుగు కథలో బలంగా గుద్దిన రచయిత్రి ఎం.ఎం. వినోదిని. ఆమె కథ 'తప్పిపోయిన కుమార్తె ఉపమానం' ఇంగ్లీషులోకి వెళ్ళి, 2013లో కె. సత్యనారాయణ, సూసీ తారు సంపాదకత్వంలో వచ్చిన దక్షిణాది దళిత రచనల సంకలనంలో చేరింది. లూకా సువార్త పదిహేనో అధ్యాయంలో తప్పిపోయిన కుమారుడి ఉపమానం ఉంది. చిన్నకొడుకు ఆస్తిలో తన వాటా పట్టుకుని దూరదేశం వెళ్ళి, అంతా తగలేసి, ఆకలితో ఇల్లు చేరతాడు. తండ్రి ఎదురు పరుగెత్తి కౌగిలించుకుంటాడు. వినోదిని చేసింది పైకి చూస్తే చిన్న పని. కొడుకుని కూతుర్ని చేసింది. కానీ కూతురు అనగానే కథలో ప్రతి వస్తువూ మారిపోయింది.

దళిత క్రైస్తవ ఇంట్లో పుట్టిన సువార్తవాణి పెద్ద చదువుకి వెళ్తుంది. ఆమె పేరులోనే సువార్త ఉంది. అక్కడ బ్రాహ్మణ స్నేహితురాలి ద్వారా ఒక 'సంస్కృతి' పరిచయమవుతుంది. ఆ తిండి, ఆ కట్టు, ఆ మాట తీరు, ఆ ఇంటి శుభ్రత. వాటి పక్కన తన ఇల్లు, తన తిండి, తన అమ్మానాన్నల ప్రార్థనలు మోటుగా కనిపించడం మొదలవుతాయి. మోజుపడిన ఆ ఇంట్లోనే తన కులం ఏమిటో, తన శరీరాన్ని ఆ సంస్కృతి ఎలా చూస్తుందో ఆమెకు అర్థమవుతుంది. చివరకు తనవాళ్ళ దగ్గరికే చేరుతుంది.

లూకా కొడుకు దూరదేశంలో పోగొట్టుకున్నది డబ్బు. ఈ కూతురు పోగొట్టుకోబోయింది తన మీద తనకున్న గౌరవం. అతను వేశ్యల మీద ఆస్తి తగలేశాడని అన్న ఆరోపిస్తాడు. ఇక్కడ కూతురి శరీరమే ఇతరులు సొమ్ముగా భావించే వస్తువు. అతనికి దూరదేశం భోగాల చోటు. ఈమెకి దూరదేశం యూనివర్సిటీ, 'మంచి' కుటుంబం, మర్యాద. అంటే సమకాలీన సంస్కృతి అని మనం ముద్దుగా పిలుచుకునే సమస్తం. క్రైస్తవ ప్రసంగీకులు లోకం, లోకాశ అంటూ హెచ్చరించేటప్పుడు సినిమాలనీ, సెల్‌ఫోన్లనీ, జీన్సునీ చూపిస్తారు. వినోదిని చూపించిన లోకం వేరు. ఒక దళిత క్రైస్తవ అమ్మాయికి అసలైన ప్రలోభం సినిమా హాలు కాదు, తనలా ఉండటం మానేస్తే దొరుకుతుందనిపించే అంగీకారం. ఈ కథ కంటే సూటిగా ఈ మాట చెప్పిన ప్రసంగం నేను ఏ మందిరంలోనూ వినలేదు.

కథ మీద నాకు ఒక అభ్యంతరం ఉంది. చిన్నకొడుకు తప్పు చేసి వెళ్ళాడు, పశ్చాత్తాపంతో తిరిగొచ్చాడు. చదువుకోవడానికి వెళ్ళిన కూతురు చేసిన తప్పేమిటి? ఆమె తిరిగి రావడాన్ని ఉపమానం చట్రంలో పెట్టగానే, బయటికెళ్ళడమే తప్పన్న ధ్వని కథ వద్దన్నా వచ్చి చేరుతుంది. పేటలోనే ఉండండి, బయట మీకు అవమానమే అని ఆడపిల్లలకి చెప్పడానికి తండ్రులూ పాస్టర్లూ ఈ కథని వాడుకోగలరు. వినోదిని ఉద్దేశం అది కాదని నాకు స్పష్టంగా తెలుసు. ఆమె స్వయంగా విశ్వవిద్యాలయ అధ్యాపకురాలు. అయినా చట్రానికి తన బరువు ఉంటుంది. అదే పదిహేనో అధ్యాయంలో, కొడుకు కథకి ముందు, ఇంకో చిన్న ఉపమానం ఉంది. పది నాణేలలో ఒకటి పోగొట్టుకున్న స్త్రీ దీపం వెలిగించి, ఇల్లంతా ఊడ్చి, దొరికేదాకా వెతికి, ఇరుగుపొరుగు ఆడవాళ్ళని పిలిచి సంబరపడుతుంది. అక్కడ దేవుడికి పోలిక చీపురు పట్టిన ఆడమనిషి. కొడుకు ఉపమానం మీద ఏడాదికి నాలుగు ప్రసంగాలు వినిపించే మన మందిరాల్లో చీపురు పట్టిన దేవుడి మీద ఒక్కటి వినపడటం అరుదు. తెల్లవారుజామున విశాఖ రోడ్లు ఊడ్చే స్త్రీలు ఆ బెంచీల మీదే కూర్చుని ఉంటారు. తప్పిపోయిన కూతురికి పరుగెత్తుకొచ్చే తండ్రితో పాటు ఊడ్చి వెతికే తల్లి కూడా దొరికితే ఆ కథ ఇంకెక్కడికి వెళ్ళేదో అని ఆలోచిస్తుంటాను.

వెతికే స్త్రీ తెలుగు నవలలో ఒకామె ఉంది. 2000లో వచ్చిన జి. కల్యాణరావు 'అంటరాని వసంతం'లో రూతు. ఈ నవల మీద వచ్చిన విమర్శలో ఎక్కువ భాగం ఎల్లన్న పాట గురించి, మతమార్పిడి గురించి, విప్లవం వైపు సాగిన తరాల గురించి. ఎన్నెలదిన్ని నుంచి మొదలై, కరువులో బకింగ్‌హాం కాలువ పనికి నడిచి, శివయ్య సీమోను అయ్యేదాకా, అక్కడి నుంచి ఇంకా ముందుకి, ఆ తరాలన్నిటినీ మనకి అందిస్తున్నది ఒక ముసలామె జ్ఞాపకం అన్న సంగతి పక్కకి పోతుంది. రూబేను చెప్పినవి, విన్నవి, పోగైనవి, అన్నిటినీ గుర్తు చేసుకుంటున్నది రూతు.

ఆ పేరు వెనక ఒక బైబిలు గ్రంథం ఉంది. నాలుగే అధ్యాయాలు. పరదేశి విధవరాలు రూతు, అత్తగారు నయోమి చెయ్యి వదలకుండా బెత్లెహేముకి వచ్చి, కోత కోసేవాళ్ళ వెనకాల పరిగె ఏరుకుంటుంది. తెలుగు బైబిలులోనూ ఆ మాట పరిగే. ఇంగ్లీషులో ఈ కథ చదివిన నగర పాఠకులకి ఆ పని ఏమిటో అధోజ్ఞాపిక చూస్తే గానీ తెలియదు. మాలపల్లె, మాదిగపల్లెల్లో ఏ స్త్రీకీ వివరణ అక్కర్లేదు. కోత అయ్యాక చేలో రాలిన వెన్నులు వంగి ఏరుకోవడం, ఆసామి అరుస్తాడేమోనని ఒక కన్ను గట్టు మీద వేసి ఉంచడం వాళ్ళ నడుములకి తెలిసిన పని. కల్యాణరావు రూతు జ్ఞాపకాల్ని పరిగె ఏరినట్టే ఏరుతుంది. పెద్ద చరిత్రకారులు కోసుకుపోయిన చేలో మిగిలినవి. ఆ ఏరడంలోనే నాకు నిరీక్షణ కనిపించింది. రాలినవి కూడా గింజలేనన్న నమ్మకం లేకపోతే ఎవరూ వంగరు. నవల తన చివరి ఆశని విప్లవంలో పెట్టుకుంది, అది రచయిత ఎంపిక. విశ్వాసాన్ని దాటి వచ్చేసిన మజిలీగా చూసే విమర్శకులకి మాత్రం ఒక మాట చెప్పాలి. నవల నడిచినంతసేపూ దాన్ని మోసింది ఆ మజిలీలోనే పేరు పెట్టించుకున్న స్త్రీ.

జాషువా విషయంలోనూ ఈ దాటవేత ఉంది. 'గబ్బిలం' (1941) అందరికీ తెలుసు. అందులో సందేశం అందాల్సింది కాశీలోని శివుడికి. కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు (1964) వచ్చింది మాత్రం 'క్రీస్తు చరిత్ర'కి. ఆ కావ్యం ఎంతమంది చదివారని సాహిత్య విద్యార్థులని అడిగి చూడండి.

సాహిత్య చరిత్రలో ఇంకా పెద్ద ఖాళీ ఒకటి ఉంది. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయర్ సాయంతో ఇక్కడ మొదలైన అనువాదంలో మూడు సువార్తలు 1812లో అచ్చయ్యాయి, కొత్త నిబంధన 1818లో పూర్తిగా వచ్చింది. మన ఊళ్ళో మొదలైన ఈ కథలో మనకు చెప్పే పేర్లన్నీ మగవాళ్ళవే. ఆ పుస్తకాన్ని ఇంటింటికీ నడిపించినవాళ్ళు మాత్రం తర్వాతి కాలపు 'బైబిలు స్త్రీలు'. కొద్దిపాటి జీతం మీద మైళ్ళకి మైళ్ళు నడిచి, గుమ్మాల్లో కూర్చుని చదివి వినిపించి, అక్షరాలు నేర్పిన తెలుగు స్త్రీలు. జేమ్స్ తానేటి 2013లో ఇంగ్లీషులో ప్రచురించిన పరిశోధన వీళ్ళని మిషనరీల సహాయకులుగా కాక, క్రైస్తవాన్ని తెలుగు నేల మీద తమదిగా చేసుకున్నవాళ్ళుగా చూపించింది. తెలుగు స్త్రీల విద్య గురించి రాసేటప్పుడు మనం వీరేశలింగం దగ్గర మొదలుపెట్టి భండారు అచ్చమాంబ దగ్గరికి వస్తాం. గుమ్మంలో కూర్చున్న ఈ స్త్రీ ఆ దారిలో ఎక్కడా కనిపించదు. ఆమె మాట్లాడింది, రాసింది తక్కువ. రాసినా అది మిషను నివేదికల ఇంగ్లీషులోకి పోయింది.

ఆమె వారసులు ఇవాళ ఎక్కడ మాట్లాడుతున్నారు? నా జవాబు: సాక్ష్యంలో. పరిశోధన కోసం కొన్నేళ్ళుగా కొండకి ఇటూ అటూ ఇళ్ళల్లో శుక్రవారం ఉపవాస ప్రార్థనలకి వెళ్తున్నాను. అక్కడ సాక్ష్యం చెప్పడం ఒక సాహిత్య ప్రక్రియ. ఈ మాట నేను అతిశయోక్తిగా అనడం లేదు. దానికి ఎత్తుగడ ఉంది, నడక ఉంది, ముగింపు ఉంది, శ్రోతలు ఎక్కడ స్తోత్రం అనాలో తెలుసు. బడి ముఖం చూడని స్త్రీ నలుగురి ముందు లేచి 'నేను' అని మొదలుపెట్టి తన జీవితం చెబుతుంది. మొగుడు తాగొచ్చి కొట్టిన సంగతి ఆ మొగుడి అక్కచెల్లెళ్ళు వింటుండగా చెబుతుంది. వ్యక్తిగతమే రాజకీయం అని మనం సదస్సులు పెట్టుకుని అన్న మాటని వీళ్ళు చాప మీద కూర్చుని ఆచరిస్తున్నారు. ఆత్మకథల మీద ఇంత పరిశోధన జరుగుతోంది కదా, ఈ ప్రక్రియ మీద తెలుగులో తగినంత పని ఎందుకు జరగలేదు? దేవుడి పేరు వినగానే మన కలాలు ఆగిపోతాయి.

అయితే ఈ ప్రక్రియలో ఒక బలవంతం కూడా ఉంది. సాక్ష్యం జయంతో ముగియాలి. జబ్బు తగ్గాలి, కొడుక్కి ఉద్యోగం రావాలి, మొగుడు మారాలి. చివర్లో కృతజ్ఞత చెప్పి కూర్చోవాలి. ఒకసారి ఒకామెని సాక్ష్యం చెప్పమని అమ్మగారు, అంటే పాస్టరుగారి భార్య, పిలిచారు. ఆమె లేవలేదు.

"ఏటి సెప్పమంటారమ్మగారూ, ఇంకా అవ్వలేదు. అయినాక సెప్తాను."

ఆమె కొడుకు కాంట్రాక్టు పని పోయి ఇంట్లో ఉన్నాడు, కోడలు పుట్టింటికి వెళ్ళిపోయింది. అందరూ ఆమె కోసం ప్రార్థన చేశారు, తర్వాతి ఆమె లేచింది. కాని వాళ్ళ కథకి అక్కడ చోటు లేదు. 2020 మే 7న వెంకటాపురంలో విషవాయువు లీకై పన్నెండు మంది చనిపోయారు. ఆ తర్వాత దేవుడు తనవాళ్ళని వేళకి నిద్రలేపి కాపాడాడన్న సాక్ష్యం ఒకటి విన్నాను. పక్కన కూర్చున్న ముసలామె నా చెవిలో "మరి పోయినోళ్ళు ప్రార్థన సేసుకోలేదేటమ్మా?" అంది. వేదాంతులు పుస్తకాలు రాసిన ప్రశ్న అది. ఆమె దాన్ని పైకి అనలేదు. ఆ చాప మీద ఆ ప్రశ్నకి తగిన ప్రక్రియ లేదు.

విచిత్రమేమంటే బైబిలులో ఉంది. కీర్తనల గ్రంథంలో దేవుడి మీద ఫిర్యాదులు బోలెడు. వాటిలో చాలావరకు చివరికి స్తుతిలోకి తిరుగుతాయి గానీ 88వ కీర్తన తిరగదు, చీకట్లోనే ఆగిపోతుంది. యోబు ఉన్నాడు. విలాపవాక్యములు అని ఒక పుస్తకమే ఉంది. అందులో పాడుబడిన పట్నం విధవరాలిలా కూర్చుని ఏడుస్తుంది. అవ్వని కథని అవ్వనట్టే చెప్పుకునే హక్కు ఆ పుస్తకమే ఇచ్చింది. దాన్ని తీసేసుకున్నవాళ్ళు ఎవరు? నా దృష్టిలో సంత సంస్కృతి. కానుక వేస్తే పదింతలు వస్తుందని చెప్పే టీవీ ప్రసంగాల్లో ఆశ ఒక వాయిదాల పథకం. ఇల్లు, కారు, పిల్లాడి వీసా. అక్కడ సాక్ష్యం అంటే వాడి చూసిన కస్టమరు చెప్పే మాట. ఉక్కునగరంలో ఉద్యోగాలు ఊగుతున్న కాలంలో ఆ మాటకి ఎందుకంత గిరాకీయో అర్థం చేసుకోగలను. తప్పు వినేవాళ్ళది కాదు.

సంఘంలోని పితృస్వామ్యం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, మనందరికీ తెలిసిన సరుకే. బెంచీలు ఆడవాళ్ళవి, వేదిక మగవాళ్ళది. పౌలు స్త్రీలని మౌనంగా ఉండమన్నది కంఠతా వచ్చినవాళ్ళకి, అదే పౌలు రోమా పత్రిక చివరి అధ్యాయంలో ఫీబేని సంఘ పరిచారకురాలిగా పరిచయం చేశాడని గుర్తుండదు. 2013 సెప్టెంబరులో దక్షిణ ఇండియా సంఘం తన మొట్టమొదటి మహిళా బిషప్పుని అభిషేకించింది. ఆమె తెలుగు స్త్రీ, నంద్యాల అధ్యక్ష మండలానికి ఇ. పుష్పలలిత. కర్నూలు జిల్లా పల్లెలో పుట్టిన ఆమె గురించి మన స్త్రీవాద పత్రికల్లో ఎన్ని వ్యాసాలు వచ్చాయో వెతికితే నాకు దొరికినవి చాలా తక్కువ. ఒక స్త్రీ కలెక్టరయితే మనకి వార్త. బిషప్పయితే వాళ్ళ మతం వ్యవహారం.

ఎలిజబెత్ షుస్లర్ ఫియోరెంజా (1983), ఫిలిస్ ట్రిబుల్ (1984) లాంటి పాశ్చాత్య స్త్రీవాదులు బైబిలుని లోపలి నుంచి ప్రశ్నించి చాలాకాలమైంది. నాకు వాళ్ళకంటే దగ్గరగా అనిపించేది నల్లజాతి వేదాంతి డెలోరస్ విలియమ్స్. 1993లో వచ్చిన ఆమె పుస్తకం హాగరు చుట్టూ తిరుగుతుంది. అబ్రాహాము ఇంట్లో దాసి. యజమానురాలి కోసం బిడ్డని కనమన్నారు, కన్నాక బిడ్డతో సహా ఎడారిలోకి తోశారు. ఆమెని తోసినది ఇంకో స్త్రీ, శారా. అక్కచెల్లెలితనం గురించి మాట్లాడే ముందు ఆ సంగతి మర్చిపోకూడదని విలియమ్స్ గుర్తుచేస్తుంది. హాగరుకి విముక్తి దొరకలేదు, బతకడానికి దారి దొరికింది అంటుంది. ఇంటి పనికి కొండ దిగి అపార్ట్‌మెంట్లకి వెళ్ళే స్త్రీల మధ్య ఈ కథ చదివినప్పుడు వివరణ ఇవ్వాల్సిన అవసరం నాకు రాలేదు. ఎడారిలో నీటి ఊట దగ్గర హాగరు దేవుడికి ఒక పేరు పెడుతుంది. నన్ను చూసేవాడు అని దాని అర్థం. ఆ గ్రంథంలో దేవుడికి పేరు పెట్టిన మొదటి మనిషి ఒక పరదేశి దాసి.

నిరీక్షణ అన్న మాటని సంస్కృతంలో విప్పితే మొదట వచ్చే అర్థం ఎదురుచూపు కాదు, చూపు. పట్టి పట్టి చూడటం. పాత అనువాదకుల మనసులో అది ఉందో లేదో గానీ మాటలో ఉంది. తీరంలో నిలబడ్డ స్త్రీ చేసేదీ అదే. పడవ ఆకారం పట్టి ఎవరిదో, ఒరిగిన తీరు పట్టి ఎంత చేప పడిందో ఒడ్డు నుంచే చెప్పేస్తుంది. "ఇంకా అవ్వలేదు" అన్న ఆమె కూడా తన పరిస్థితిని అబద్ధం లేకుండా చూసింది. ఆ గదిలో ఆ రోజు నిరీక్షణతో మాట్లాడినది ఆమె ఒక్కతే అని నేను అనుకుంటాను. 'నల్లపొద్దు' సంకలనం (2003) నుంచి చల్లపల్లి స్వరూపరాణి 'మంకెనపువ్వు' (2005) దాకా దళిత స్త్రీల రచనల్లో ఈ చూపు ఉంది. దాన్ని ఆక్రోశం అనీ, ఆగ్రహం అనీ పేర్లు పెట్టి చదివాం. ఆశగా చదవడం ఇంకా మొదలవ్వలేదు.

లూకా ఉపమానంలో ఒక పెద్దకొడుకు ఉన్నాడు. ఇల్లు వదలనివాడు, అన్నీ సక్రమంగా చేసినవాడు. విందు చప్పుడు విని గుమ్మం బయటే ఆగిపోతాడు. తమ్ముణ్ణి తమ్ముడు అనడు, తండ్రితో 'నీ కొడుకు' అంటాడు. వినోదిని కథ చదివిన ప్రతిసారీ నాకు ఆ పెద్దకొడుకు స్థానంలో తెలుగు స్త్రీవాద విమర్శ కనిపిస్తుంది. దళిత క్రైస్తవ స్త్రీ గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడు మనం కూడా 'వాళ్ళ స్త్రీలు' అంటాం. తండ్రి బయటికొచ్చి ఆ పెద్దవాణ్ణి కూడా బతిమాలాడని లూకా రాశాడు. అతను లోపలికి వెళ్ళాడో లేదో రాయలేదు.